బాగున్నానని చెప్పి చెప్పి అలసిపోయాను

చిత్తూరు దగ్గరి ఒక పల్లె నుంచి వెళ్ళి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్న ఇరవై ఏళ్ళ అబ్బాయి పెద్ద ఉత్తరం రాశాడు. పేరు వేయొద్దన్నాడు. ఉత్తరం మొత్తం వేయడానికి ఇక్కడ చోటు చాలదు కాబట్టి సారాంశం చెబుతాను.

వాళ్ళ నాన్న బెంగళూరులో పని చేసే రోజుల్లో కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘంలో చేరాడు. మార్మన్లు అంటే ఎక్కువ మందికి తెలుస్తుంది. తర్వాత అమ్మ, ఇతనూ చేరారు. ఇతన్ని పెంచిన అవ్వ మాత్రం కాణిపాకం వినాయకుణ్ణి వదల్లేదు, వదలమని ఆమెను ఎవరూ అడగలేదు. మేనమామకు ఇదంతా నచ్చక రాకపోకలు మానేశాడు.

ఆ సంఘంలో పద్దెనిమిదేళ్ళు నిండిన మగపిల్లలు రెండేళ్ళు మిషనరీలుగా వెళ్ళడం ఆనవాయితీ. ఆడపిల్లలు వెళితే ఏడాదిన్నర. ఏ దేశమో పైనుంచి నిర్ణయిస్తారు. ఆ దేశంలో ఏ ఊళ్ళో ఎన్నాళ్ళు, ఎవరితో జతగా ఉండాలనేది అక్కడి మిషన్ ప్రెసిడెంట్ చేతిలో ఉంటుంది. దాదాపు ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి. పేరుంటే పెట్టె సర్దుకోవడమే.

ఇతను మొదట మాంచెస్టర్‌లో ఉన్నాడు. అక్కడ తెలుగు విద్యార్థులు చాలామంది. బస్సెక్కితే ఎక్కడో ఒకచోట తెలుగు వినబడేది. నవంబరులో ల్యాంకషైర్‌లోని ఒక చిన్న ఊరికి మార్చారు. ఒకప్పుడు నూలు మిల్లులతో బతికిన ఊరు. సాయంత్రం నాలుగింటికే చీకటి, వారమంతా వాన. తెరిచే తలుపులు తక్కువ. తెరిచినవాళ్ళు కూడా "వద్దండీ" అని మర్యాదగా మూసేస్తారు. ఆదివారం ప్రార్థనకు వెళితే, ముందున్న మిషనరీ పియానో ఎంత బాగా వాయించేవాడో అందరూ చెబుతున్నారు. ఇతనికి పియానో రాదు.

కొత్త కంపానియన్, అంటే జతగా ఉండే మిషనరీ, అమెరికాలోని ఐడహో నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆ ఊళ్ళో నాలుగు నెలలుగా ఉన్నాడు, సందులన్నీ తెలుసు. ఎప్పుడూ మూడడుగులు ముందు నడుస్తాడు. గుమ్మాల దగ్గర, జనం ఎదురుగానే ఇతని ఇంగ్లిష్ దిద్దుతాడు. నియమం ప్రకారం ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఉండాలి కాబట్టి ఏడవడానికి కూడా ఏకాంతం లేదు.

అసలు దెబ్బ వేరే ఉంది. అక్టోబరులో అవ్వ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగి వేలూరులో ఆపరేషన్ అయ్యింది. ఇంట్లోవాళ్ళు ఇతనికి చెప్పలేదు. మూడు వారాల తర్వాత చిన్నాన్న కొడుకు పెట్టిన మెసేజ్‌తో తెలిసింది. "నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగారమ్మా? నేనేమైనా పరాయివాణ్ణా?" అని రాశాడు. ఆ రాత్రి కంపానియన్ దగ్గర ఏడిస్తే అతను ఓదార్చడానికి ఒక పాత కథ చెప్పాడు. వాళ్ళ సంఘం తొలితరం పెద్దలు హీబర్ కింబల్, బ్రిగమ్ యంగ్ 1839లో, ఇంట్లోవాళ్ళు జ్వరాలతో మంచం పట్టి ఉండగా, తామూ జబ్బుతోనే ఇంగ్లండ్‌కు బయల్దేరిన కథ. అది విన్నాక ఇతనికి తన ఏడుపు మీద తనకే సిగ్గేసింది.

సోమవారం సెలవు రోజు. మధ్యాహ్నం ఒంటి గంటకు వీడియో కాల్, మనకు సాయంత్రం ఆరున్నర. అవ్వ "తిన్నావా నాయనా" అంటుంది. "తిన్నానవ్వా, బాగున్నాను" అంటాడు. తిన్నది రొట్టె ముక్క. "బాగున్నానని చెప్పి చెప్పి అలసిపోయానమ్మా. పోయిన వారం మెట్ల మీద కూర్చుంటే లేవాలనిపించలేదు. వేరే ఊరు ఇమ్మని అడగాలా, ఇంటికి వచ్చేయాలా, పళ్ళ బిగువున ఇక్కడే ఉండాలా?" ఇదీ అతని ప్రశ్న.

నాయనా,

ముందు ఆ మెట్ల సంగతి. లేవాలనిపించకపోవడం వానలో తిరిగిన అలసటే కావచ్చు. కానీ రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, ముద్ద దిగకపోయినా, బతికి ఏం లాభం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ జవాబు మిగతాది చదవడం ఆపి మీ మిషన్ ప్రెసిడెంట్‌కు ఫోన్ చెయ్యి. మీకిచ్చే చిన్న పుస్తకంలో ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులుగా విడదీసి చూపించి ఉంటారు. నువ్వు ఏ రంగులో ఉన్నావో నిజాయితీగా చూసుకో. ఎవరితోనూ చెప్పుకోలేని రాత్రి వస్తే, ఆ దేశంలో సమరిటన్స్ అనే సంస్థ 116 123 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడుతుంది. దాన్ని ఫోన్లో సేవ్ చేసుకో.

నేను మీ సంఘం మనిషిని కాను. ఏడుకొండలవాడి కింద పుట్టి పెరిగినదాన్ని. ఇంటింటికీ తిరిగి మతం చెప్పడం మీద నాకు నా అభిప్రాయాలున్నాయి. నీ ఉత్తరానికి వాటితో పని లేదు. నువ్వు నమ్మి వెళ్ళావు, ఊరు కాని ఊళ్ళో ఒంటరివయ్యావు. ఆ సంగతే మాట్లాడతాను.

తిరుపతిలో ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్ళు వార్డెన్‌గా పని చేశాను. ఏటా కాలేజీలు తెరిచినప్పుడు కొత్త పిల్లలు దిగేవాళ్ళు. పార్వతీపురం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న ఎంత జాగ్రత్త మనిషంటే, ట్రంకు పెట్టెలో బకెట్, మగ్గు, బట్టలారేసే తాడు, సూదీ దారం, బల్బు, చివరికి తలుపు గడియకు నూనె కూడా పెట్టి పంపాడు. ఆ పిల్లకు పక్క గది తలుపు కొట్టాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. దసరా సెలవులకు వెళ్ళి మళ్ళీ రాలేదు. అదే ఏడాది పీలేరు నుంచి వచ్చిన పిల్ల బకెట్టే మరిచిపోయింది. పొద్దున ఒకరి బకెట్, సాయంత్రం ఇంకొకరిది. రెండో వారానికి ఆ అంతస్తులో ఎవరు ఎప్పుడు స్నానం చేస్తారో ఆమెకు తెలుసు, ఆమె పేరు అందరికీ తెలుసు. ఇది ఆ ఇద్దరి సంగతే కాదు, తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ చూశాను. అడిగి పుచ్చుకున్నవాళ్ళు నిలదొక్కుకున్నారు. ఏమీ అక్కర్లేనట్టు ఉన్నవాళ్ళు వెళ్ళిపోయారు.

నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తట్టింది ఇదే. నువ్వు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోవడం లేదు. ఆ ఊరివాళ్ళకు ఇవ్వడానికి వెళ్ళావు, కంపానియన్ ముందు సిగ్గుపడ్డావు, అమ్మానాన్నలకు "బాగున్నా" అన్నావు. నీకు ఏదైనా కావాలని ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు, నాకు తప్ప.

ఇంటి విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దానికే చుట్టుకుని ఉన్నాయి. అవ్వ పడిన సంగతి దాచినందుకు నీకు కోపం. న్యాయమైన కోపం. నువ్వు బెంగపడతావనే దాచారు. మరి సోమవారం సోమవారం నువ్వు చేస్తున్నదేమిటి? వాళ్ళు బెంగపడతారనే కదా దాస్తున్నావు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. రెండు వైపులా ప్రేమే. కానీ ఆ పదిహేను నిమిషాల కాల్‌లో ఎవరూ ఎవరితోనూ నిజం మాట్లాడటం లేదు. అందుకే ఫోన్ పెట్టేశాక నీకు ఇంకా ఒంటరిగా అనిపిస్తోంది.

2019 ఫిబ్రవరి దాకా మీ మిషనరీలు ఇంటికి ఫోన్ చేసింది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. ఆ తర్వాతే వారం వారం మాట్లాడొచ్చని మార్చారు. ఇంటివాళ్ళ గొంతు వినడం మీ సేవకు అడ్డం కాదని మీ పెద్దలే ఒప్పుకున్నట్టు కదా. దాన్ని మొక్కుబడిగా వాడుకోకు.

నిజం చెప్పడం అంటే మొత్తం ఒకేసారి కుమ్మరించమని కాదు. వచ్చే సోమవారం ముందు నాన్నతో విడిగా మాట్లాడు. "అవ్వ సంగతి దాచారు, నాకు కష్టమేసింది. ఇకమీద ఏదున్నా అదే రోజు చెప్పండి. నేనూ ఇక్కడ ఎలా ఉన్నానో చెబుతాను. ఇప్పుడైతే బాగాలేను" అను. ఇంతే చాలు. తర్వాత ఏమవుతుందో కూడా చెబుతాను. అమ్మ ఏడుస్తుంది. రెండు రోజులు నిద్రపోదు. సంగతి బయటికి పొక్కితే మీ మేనమామ "పరాయి దేశంలో తలుపులు కొట్టించడానికా పిల్లోణ్ణి పంపింది" అని నాలుగు మాటలంటాడు. నాన్న "వచ్చెయ్ నాయనా" అనొచ్చు, లేదా "ఓర్చుకో" అని గట్టిగా అనొచ్చు. ఆ రెంటిలో ఏ మాటకైనా అప్పటికప్పుడు తల ఊపకు. "నాకు నిర్ణయం వద్దు నాన్నా, వింటే చాలు" అని ముందే చెప్పు. ఇవన్నీ కష్టమే. అయినా, వాళ్ళ మాట మీద నీకు మళ్ళీ నమ్మకం కలగడానికి నాకు వేరే దారి కనబడలేదు.

అవ్వతో మాత్రం వేరేగా మాట్లాడు. తుంటి ఆపరేషన్ అయిన ముసలివాళ్ళకు నెలల తరబడి మెల్లగా నడిపించడం, కాళ్ళు ఆడించడం ఉంటుంది. నొప్పికి భయపడి చాలామంది మంచం దిగరు. ఆమెను ఒప్పించగల మనిషివి నువ్వే. "ఈ వారం గుమ్మం దాకా నడిచావా అవ్వా?" అని అడుగు. ఫోన్ వంటింట్లో కాదు, ఆమె నడిచే వరండాలో పట్టుకోమను. అంత దూరంలో ఉండి కూడా నువ్వు ఆమెకు చేయగలిగిన పని ఇది. "తిన్నావా" అంటే ఏం తిన్నావో అదే చెప్పు. రొట్టె తిన్నానంటే తిడుతుంది. తిట్టనీ.

ఇక ఆ 1839 కథ. నీ కంపానియన్ మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. కానీ దాన్ని నీ మీద నువ్వు కొరడాలా వాడుకోకు. వాళ్ళు పడవెక్కితే ఒక ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెలలు పట్టే కాలం. ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే దారే లేదు. పైగా ఆ కథలో వాళ్ళు ఏమీ పట్టనట్టు వెళ్ళిపోలేదు. జబ్బుతో ఉన్న ఇంటివాళ్ళను అలా వదిలి వెళ్ళలేక, బండి ఆపి, లేవలేని స్థితిలో కూడా లేచి నిలబడి ఇంటివైపు తిరిగి కేకలు వేసి ధైర్యం చెప్పాకే కదిలారు. ఇంటికోసం గుండె కొట్టుకోవడం భక్తి తక్కువైనందుకు కాదని ఆ కథే చెబుతోంది.

ఆ కుర్రాడి గురించి. ముందు నడవడం ఒకటి, జనం ఎదుట నీ మాట దిద్దడం ఇంకొకటి. మొదటిది బహుశా అలవాటు. ఊరు తెలిసినవాడు తెలియకుండానే ముందు పోతాడు. రెండోది అలా వదిలేయకూడదు. వారానికోసారి ఇద్దరూ కూర్చుని ఒకరి గురించి ఒకరు మనసు విప్పి మాట్లాడుకోవాలని మీ పద్ధతిలోనే ఉంది కదా, అప్పుడు చెప్పు. "నా ఇంగ్లిష్‌లో తప్పులుంటే రాత్రి రూంలో చెప్పు, నేర్చుకుంటాను. గుమ్మం దగ్గర వద్దు." దానితోపాటు ఏదో ఒకటి అడిగి తెలుసుకో. ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మొదటి వారం నీకెలా ఉండేది అని అడుగు. వాడూ ఇల్లు వదిలి సముద్రం దాటి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్లాడే. ఏడుస్తున్నవాణ్ణి ఎలా ఓదార్చాలో తెలియక తెలిసిన కథ చెప్పాడు. చెప్పాక మారితే సరే. మారకుండా చులకన చేస్తూనే ఉంటే, లేదా బెదిరించడం, చేయి చేసుకోవడం లాంటిది ఏదైనా జరిగితే మాత్రం ట్రాన్స్‌ఫర్ దాకా ఆగొద్దు, ఆ రోజే ప్రెసిడెంట్‌కు చెప్పు. అది చాడీ కాదు.

ఊరి విషయానికి వస్తే, నువ్వు ఒకటి గమనించి ఉండవు. 1837లో మీ సంఘం వాళ్ళు ఉత్తర అమెరికా దాటి వచ్చి మొదట ప్రచారం మొదలుపెట్టింది ఆ చుట్టుపక్కలే, ప్రెస్టన్‌లో. ఈ ముక్క మీకు పాఠంగా చెప్పే ఉంటారు. నాకు మాత్రం ఇంకో చరిత్ర ముఖ్యంగా అనిపిస్తుంది. 1960ల నుంచి ఆ మిల్లుల్లో రాత్రి షిఫ్టులకు గుజరాత్ నుంచి, పాకిస్తాన్ నుంచి మనుషులు వచ్చారు. నీలాగే ఆ వానను తిట్టుకుంటూ ఉండిపోయారు. వాళ్ళ పిల్లలు, మనవలు ప్రెస్టన్, బ్లాక్‌బర్న్ వీధుల్లో దుకాణాలు నడుపుతున్నారు. చింతపండు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు అక్కడ దొరుకుతాయి. శెనక్కాయలు ఎలాగూ దొరుకుతాయి. సోమవారం పొద్దున అలాంటి దుకాణానికి వెళ్ళు. ప్రతి వారం అదే దుకాణానికి వెళ్ళు. మత ప్రచారానికి కాదు, కరివేపాకుకు. శెనక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, తెల్లగడ్డ వేసి నూరితే ఊరిబిండి. రోలు లేకపోయినా మిక్సీలో పలుకు పలుకుగా తిప్పు. వేడన్నంలో కలిపి ఒక ముద్ద ఆ ఐడహో పిల్లాడికి పెట్టు. కారం తగ్గించు.

మీ సంఘం నియమం ప్రకారం గుమ్మాల దగ్గర మీరు టీ తాగరని తెలుసు. ఇంగ్లండ్‌లో టీ వద్దంటే ఇక మాట సాగదు. మంచినీళ్ళు అడుగు, లేదా స్క్వాష్ అడుగు, నీళ్ళలో కలుపుకునే ఆ పళ్ళరసం అక్కడ చాలా ఇళ్ళల్లో ఉంటుంది. వానలో తడిసిన పిల్లాడు మంచినీళ్ళు అడిగితే ఇవ్వని ముసలమ్మ ఏ దేశంలోనూ ఉండదు. ఆదివారం మీ వార్డులో, అంటే ఆ ఊళ్ళో మీ సంఘంవాళ్ళు ప్రార్థనకు కూడినప్పుడు కూడా అంతే. పియానో వాయించినవాడితో పోటీ పెట్టుకోకు. రూం కిటికీకి చెమ్మ పడుతోంది ఏం చేయాలి, కోటు బొత్తాం ఊడింది దారం ఉందా, ఇక్కడివాళ్ళు ఫలానా మాట ఎందుకలా పలుకుతారు అని అడుగు. అక్కడి పెద్దవాళ్ళలో చాలామంది పిల్లలు వేరే ఊళ్ళల్లో ఉండి ఒంటరిగా ఉన్నవాళ్ళే అయ్యుంటారు. నీ బొత్తాం వాళ్ళకూ పనే.

ఇప్పుడు నువ్వు అడిగిన మూడు దారులు. వేరే ఊరు ఇమ్మని అడగొచ్చు. అడిగినంత మాత్రాన ఎవరూ తప్పుగా అనుకోరు. ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా అవ్వ దిగులు, సోమవారం అబద్ధం నీతోపాటు పెట్టెలో వస్తాయి. మళ్ళీ కొత్త సందులు, కొత్త మనిషి. అందుకే నా మనసుకు ఇది చివరి దారి, కంపానియన్ విషయంలో నేను చెప్పిన పరిస్థితి వస్తే తప్ప.

ఉండిపోవడం రెండో దారి. పళ్ళ బిగువున ఉంటే మాత్రం పనికిరాదు. నువ్వు ఇప్పటిదాకా చేస్తున్నది అదే, దాని ఫలితమే ఆ మెట్లు. ఉండాలనుకుంటే తర్వాతి ట్రాన్స్‌ఫర్ దాకా అని గడువు పెట్టుకో. ఆ లోపల ప్రెసిడెంట్‌తో అవ్వ పరిస్థితి వివరంగా చెప్పి, ఆమెకు ఏదైనా జరిగితే నేను వెళ్ళొచ్చా, వెళితే తిరిగి రావడం ఎలా, ఫోన్లో మామూలు రోజుల్లో కూడా మాట్లాడొచ్చా అని ఇప్పుడే అడిగి పెట్టుకో. ఆ రోజు వచ్చాక అడిగే స్థితిలో ఉండవు.

మూడోది ఇంటికి రావడం. ఇది నేరం కాదు, ఓటమి కూడా కాదు. రెండేళ్ళు పూర్తి చేయకుండా వచ్చిన పిల్లలు మీ సంఘంలో చాలామంది ఉన్నారు. ఇంటి దగ్గర ఉంటూ సేవ చేసే మిషన్ కూడా మీ వాళ్ళు పెట్టారు, అది నీకు వర్తిస్తుందేమో ప్రెసిడెంట్‌నే అడుగు. కానీ వస్తే ఏముంటుందో తెలిసి రా. అవ్వ పక్కన ఉంటావు, అది చిన్న విషయం కాదు. బెంగళూరులో మీ సంఘంవాళ్ళు ఏమైందని అడుగుతారు, చిత్తూరులో చుట్టాలు అడక్కుండానే తేల్చేస్తారు. ఆ మాటలు కొన్ని నెలలుంటాయి, తర్వాత పోతాయి. వచ్చాక నిన్ను తొలిచేది ఊరి మాట కాదు, ఎందుకొచ్చాననే ప్రశ్న. అవ్వ కోసం వచ్చానని నువ్వు నమ్మగలిగితే తట్టుకుంటావు. తలుపు మూసినవాళ్ళ నుంచి పారిపోయి వచ్చాననిపిస్తే చాలాకాలం బాధ పెడుతుంది. ఈ రెండూ ఇప్పుడు నీ లోపల కలిసిపోయి ఉన్నాయి. ఇంట్లో నిజం మాట్లాడాక కొంత విడిపడతాయి. అందుకే నిర్ణయానికి ముందు ఆ కాల్ చెయ్యమంటున్నాను.

ఈ పేజీ చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. తిరుపతిలో ఇప్పుడు ఏ వీధి చూసినా అమెరికాలోనో, లండన్‌లోనో పిల్లలున్న ఇల్లు ఒకటైనా ఉంది. "వాడికి చెప్పొద్దు, అక్కడ టెన్షన్ పడతాడు" అనే మాట ఆ ఇళ్ళన్నిట్లో వింటున్నాను. పిల్లలకు ఎలాగూ తెలుస్తుంది, మీ నోట కాకుండా ఇంకెవరి నోటో తెలుస్తుంది. అప్పటి నుంచి మీరు "అంతా బాగుంది" అన్న ప్రతిసారీ వాళ్ళకు అనుమానమే. ఆపరేషన్ అయిన రోజే చెప్పండి. డాక్టర్ ఏమన్నారో, ఎవరు దగ్గరున్నారో కూడా చెప్పండి. వివరం తెలిస్తే దూరాన ఉన్నవాళ్ళు తట్టుకుంటారు.

నాయనా, ట్రాన్స్‌ఫర్ జాబితా వచ్చే వారం ముందు నాకు మళ్ళీ రాయి. నాన్న ఏమన్నారు, అవ్వ ఎంత దూరం నడుస్తోంది, ఆ కుర్రాడు గుమ్మాల దగ్గర దిద్దడం మానేశాడా, ఈ మూడూ రాయి. అప్పటికీ ఇంటికి రావాలనే ఉంటే, ప్రెసిడెంట్‌కు ఏమని చెప్పాలో, ఇంట్లో ఎవరికి ముందు చెప్పాలో కూర్చుని ఆలోచిద్దాం.